నా ఇరవై రెండో క్రోమోజోము

పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కణ విభజన, అనువంశికత ఏటా చెప్పే పాఠాలే. మనిషికి 23 జతల క్రోమోజోములు, ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది అని బోర్డు మీద రాసి, పిల్లల చేత పలికించి, పరీక్ష పేపర్లలో దిద్దినదాన్ని. 2012లో అదే బొమ్మ నా పేరు, నా వయసు వేసి ఒక ల్యాబ్ కాగితం మీద వచ్చింది. తొమ్మిదో జతలో ఒకటి ఉండాల్సిన దానికంటే పొడుగ్గా ఉంది. ఇరవై రెండో జతలో ఒకటి పొట్టిగా ఉంది. దాని పక్కన బాణం గుర్తు. కింద ఒకే ఒక్క మాట: ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పాజిటివ్.

నాకు వచ్చింది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. డాక్టర్లు సీఎంఎల్ అంటారు. ఊళ్ళో బ్లడ్ క్యాన్సర్ అంటారు. ఆ జబ్బు నన్ను పెట్టిన బాధ ఒక ఎత్తు, ఆ కాగితం మీద ఉన్న క్రోమోజోమ్ అన్న మాట మా పుట్టింటిని పెట్టిన బాధ ఇంకో ఎత్తు. రెండూ రాస్తాను.

ముందు అలసట వచ్చింది. మూడో పీరియడ్ అయ్యేసరికి కుర్చీ కోసం వెతుక్కునేదాన్ని. రాత్రిళ్ళు చెమటతో జాకెట్టు తడిసిపోయేది, వేసవి కదా అనుకున్నాం. అన్నం రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. ఎడమ వైపు డొక్క కింద ఏదో బరువు, పక్కకు తిరిగి పడుకుంటే అదీ కదిలేది. గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు, రక్తం తక్కువని టానిక్కులు రాశారు. చీర కుచ్చిళ్ళు పెరిగాయి, మనిషి సగమైంది, కడుపు మాత్రం ఉబ్బింది. మా అమ్మ గుడ్లప్పగించి చూసి, "నెల తప్పావా ఏంటే?" అంది.

చివరికి నరసరావుపేటలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్ష చేయించాం. కుర్రాడు రిపోర్టు ఇవ్వకుండా, "మేడం, మిషన్ సరిగ్గా చూపించడం లేదు, ఇంకోసారి రక్తం ఇస్తారా?" అన్నాడు. రెండోసారి తీసి, గాజుపలక మీద రాసి మైక్రోస్కోపు కింద పెట్టి, చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత మా ఆయన్ని బయటికి పిలిచాడు. తెల్ల రక్తకణాలు ఒక మైక్రోలీటరు రక్తంలో నాలుగు వేల నుంచి పదకొండు వేల మధ్య ఉండాలి. నాకు రెండు లక్షలు దాటాయి. ఆ ఎడమ వైపు బరువు నా ప్లీహం. పిడికిలంత ఉండాల్సింది, బొడ్డు దాకా పెరిగి ఉంది.

హైదరాబాదులో మూలుగ తీశారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద వెనక ఎముకలోకి సూది దించుతారు. మత్తు ఇస్తారు కాబట్టి సూది గుచ్చడం అంతగా తెలియదు. మూలుగను సిరంజిలోకి లాగే ఆ క్షణం మాత్రం ఏ మత్తుకూ లొంగదు. నడుములోంచి కాలి మడమ దాకా ఎవరో నరం పట్టుకుని గుంజినట్టుంటుంది. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే ఉంది. ఆమె చేతిమీద నా గోళ్ళు దిగిన గుర్తులు తర్వాత చూశాను.

ఆ మూలుగతో ఏం చేస్తారో డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను. నేను చెప్పే పాఠమే కదా, అడగకుండా ఉండలేకపోయాను. కణాలను ల్యాబులో ఒకటి రెండు రోజులు పెంచుతారు. అవి విభజన చెందుతూ మధ్యస్థ దశకు వచ్చి, క్రోమోజోములన్నీ చిక్కగా, స్పష్టంగా నిలబడినప్పుడు మందు వేసి అక్కడే ఆపేస్తారు. నీళ్ళలాంటి పలుచని ద్రవంలో ఉబ్బనిచ్చి, రంగు అద్ది, ఫొటో తీసి, ఒక్కొక్క క్రోమోజోమునూ దాని జత పక్కన వరుసగా పేరుస్తారు. మామూలుగా ఇరవై కణాలు చూస్తారు. నా ఇరవై కణాల్లోనూ ఆ పొట్టి క్రోమోజోమే ఉంది.

మనిషికి 46 క్రోమోజోములని ఖాయంగా తేలిందే 1956లో. అంతకుముందు 48 అనుకునేవాళ్ళు. ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1960లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు నాలాంటి రోగుల కణాల్లో ఈ పొట్టి క్రోమోజోమును పట్టుకున్నారు. నోవెల్ అంతకుముందు ఒకసారి పలకను పంపు నీళ్ళతో కడిగేసరికి కణాలు ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా కనిపించాయట. అక్కడ మొదలైంది ఆ వెతుకులాట. ఆ క్రోమోజోముకు నగరం పేరే నిలిచిపోయింది. అది ఎందుకు పొట్టిగా ఉందో మరో పదమూడేళ్ళ దాకా ఎవరికీ తెలియలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరు క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద కత్తిరించి జతలు పేర్చుకునేది. నలుగురు పిల్లల తల్లి. 1973లో ఆమె తేల్చింది: ఇరవై రెండో క్రోమోజోములో పోయిన ముక్క ఎక్కడికీ పోలేదు, తొమ్మిదో దానికి అతుక్కుంది. తొమ్మిదో దాని కొస ఇరవై రెండో దానికి వచ్చింది. ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ భోజనాల బల్ల మీద ఇంతపని చేసిన ఆమెను తలుచుకుంటే నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆమె చూసింది నా జబ్బునే.

రెండు పుస్తకాల చివరి పేజీలు ఊడిపోతే, తిరిగి కుట్టేటప్పుడు దీనివి దానికీ దానివి దీనికీ కుట్టేస్తే ఎలా ఉంటుందో అలా జరిగిందన్నమాట. పేజీలు ఒక్కటీ పోలేదు. కానీ అతుకు పడిన చోట ఎక్కడా లేని కొత్త వాక్యం పుట్టింది. తొమ్మిదో క్రోమోజోము మీది ఏబీఎల్ అనే జన్యువు, ఇరవై రెండో దాని మీది బీసీఆర్ అనే జన్యువు పక్కన చేరి ఒకటయ్యాయి. ఏబీఎల్ తయారు చేసే ఎంజైము, కణాన్ని విభజించమని చెప్పే పనిలో ఉంటుంది. మామూలుగా అయితే అవసరమైనప్పుడు పనిచేసి తర్వాత ఊరుకుంటుంది. బీసీఆర్‌తో కలిసిన తర్వాత దానికి ఊరుకోవడం తెలియదు. రాత్రింబవళ్ళు విభజించు, విభజించు అని చెబుతూనే ఉంటుంది. మూలుగలో ఒకే ఒక్క మూలకణంలో ఈ అతుకు పడితే చాలు, ఆ కణం పిల్లలూ ఆ పిల్లల పిల్లలూ కొన్నేళ్ళకు మూలుగంతా ఆక్రమిస్తాయి. నా రక్తంలో అంతగా పెరిగిన తెల్ల కణాలు ఆ ఒక్కదాని సంతానమే.

ఆ అతుకు ఎందుకు పడిందంటే జవాబు లేదు. రేడియేషన్ ఎక్కువ తగిలితే ముప్పు పెరుగుతుందని హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవాళ్ళను చూసి తెలుసుకున్నారు. మిగతా మాలాంటి వాళ్ళకు కారణం చెప్పలేరు. తిన్నదాని వల్ల కాదు, చేసిన పాపం వల్ల కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మానాన్నల వల్ల కాదు. నేను పుట్టినప్పుడు నా ఒంట్లో ఏ కణంలోనూ ఆ పొట్టి క్రోమోజోము లేదు. అది ముప్పై ఏళ్ళు దాటాక ఎప్పుడో నా మూలుగలో పుట్టింది. నా అండాల్లో అది లేదు. నా కూతురికి ఇవ్వమన్నా ఇవ్వలేను.

ఇది చెప్పడానికే నాకు నోరు నొప్పి పుట్టింది.

ఆ ఏడాదే మా చెల్లెలికి సంబంధం కుదిరింది. అబ్బాయి బ్యాంకులో ఉద్యోగం. మాటలు అయిపోయాయి, లాంఛనాలు అనుకున్నారు, దసరా తర్వాత ముహూర్తం పెట్టుకుందామన్నారు. నా సంగతి దాచమని మా బాబాయి అన్నాడు. మా నాన్న ఒప్పుకోలేదు. "రేపు తెలిస్తే పిల్లను మాటంటారు, ముందే చెబుదాం" అని ఆయనే వెళ్ళి చెప్పొచ్చాడు. మూడో రోజు మధ్యవర్తి ఫోన్ చేశాడు. "వాళ్ళు వద్దంటున్నారండీ. వంశంలో ఉన్న జబ్బంట కదా."

నేను ఊరుకోలేకపోయాను. మా ఆయన్ని తీసుకుని, ఆ క్రోమోజోముల కాగితం సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మొదటి నెల మందులు వాడుతున్న రోజులవి, మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి చదువుకున్న మనిషి. కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చూశాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టి అన్నాడు: "అమ్మా, మీరు టీచరు, మీకు నేను చెప్పేవాణ్ణి కాను. కానీ క్రోమోజోములంటే తల్లిదండ్రుల నుంచి వచ్చేవే కదా? మా చిన్నవాడి పదో తరగతి పుస్తకంలోనూ అంతే ఉంది."

ఆ పుస్తకం నేను చెప్పేదే.

క్రోమోజోములు తల్లిదండ్రుల నుంచి వస్తాయన్నది నిజమే. వచ్చిన తర్వాత, బతికినంతకాలం, కోట్లాది కణాలు విభజన చెందుతున్నప్పుడల్లా వాటిలో ఎక్కడో ఒకచోట తెగడం, అతుక్కోవడం జరగొచ్చన్నది కూడా నిజమే. ఆ రెండో సంగతి ఆ ముందు గదిలో ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కొడుకు గురించి భయపడ్డాడు. సంబంధం తప్పిపోయింది. తిరిగొస్తుంటే బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు నేను. ఇంటికెళ్ళేసరికి చెల్లెలు వంటింట్లో ఉంది. నన్ను చూసి, "అక్కా, నువ్వెందుకెళ్ళావే ఈ ఎండలో?" అంది. దాని ముందు నిలబడలేకపోయాను. నా జబ్బు నాకు చావు భయం పెట్టింది గానీ, ఆ రోజు పెట్టినంత కష్టం ఎప్పుడూ పెట్టలేదు.

మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. పెద్దవాళ్ళ మాటలన్నీ విన్నట్టుంది. ఒక రాత్రి పక్కలో పడుకుని, "అమ్మా, నీకొచ్చింది నాక్కూడా వస్తుందా?" అని అడిగింది. లైటు వేసి, దాని నోటుబుక్కు తెప్పించి, కణం బొమ్మ గీసి చెప్పాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

పూర్తి నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతాను. పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ తేడాలు కొన్ని ఉన్నాయి. ఇరవై ఒకటో క్రోమోజోము మూడు ఉండే డౌన్ సిండ్రోమ్ పిల్లలకు లుకేమియా ముప్పు మిగతా పిల్లల కంటే ఎక్కువ. రక్త క్యాన్సర్‌కు దారితీసే జన్యులోపాలు తరతరాలుగా వచ్చే కుటుంబాలూ అరుదుగా ఉంటాయి. వాళ్ళకు డాక్టర్లు వేరే పరీక్షలు చేసి చెబుతారు. కానీ లుకేమియా రోగుల రిపోర్టుల్లో కనిపించే క్రోమోజోమ్ మార్పుల్లో ఎక్కువ భాగం జబ్బు కణాల్లోనే పుట్టినవి, ఆ కణాలతోనే పోయేవి. ఆ మార్పు ఏదో తెలిస్తేనే మందు ఏదో తెలుస్తుంది. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క వార్డులో ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడు ఉండేవాడు. చిగుళ్ళ నుంచి రక్తం ఆగేది కాదు. అతనికి పదిహేనో క్రోమోజోము, పదిహేడో క్రోమోజోము ముక్కలు మార్చుకున్నాయి. అతనిది వేరే రకం, గంటల మీద ముంచుకొచ్చే రకం. ఆ మార్పును గుర్తుపట్టారు కాబట్టే విటమిన్ ఏ నుంచి తయారైన మందు, ఆర్సెనిక్ మందు మొదలుపెట్టారు. బతికాడు. ఇంకొకరికి ఏడో క్రోమోజోము ఒకటి పూర్తిగా పోయింది. ఆ రిపోర్టు చూసిన డాక్టరు ముఖం నాకు గుర్తుంది. అన్ని మార్పులకూ ఇంకా మందు రాలేదు.

నా మార్పుకు వచ్చింది. ఇమాటినిబ్. ఆ అతుకు ఎంజైము పనిచేయాలంటే ఏటీపీ అనే శక్తి అణువు దానిలో ఒక గుంటలో కూర్చోవాలి. ఈ మందు వెళ్ళి ఆ గుంటలో తాను కూర్చుంటుంది. అంతే, ఎంజైము ఆగిపోతుంది. 1998లో అమెరికాలో బ్రయాన్ డ్రూకర్ అనే డాక్టరు బృందం రోగుల మీద మొదటిసారి వాడింది. తగిన మోతాదులో ఇచ్చిన 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. 2001లో అక్కడ అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ సూదులు, లేదంటే దొరికితే మూలుగ మార్పిడి. చాలామందికి నాలుగైదేళ్ళే ఆయుష్షు. నేను పదిహేనేళ్ళ ముందు జబ్బు పడి ఉంటే ఈ కాగితం రాసేదాన్ని కాదు.

మందు ఉంటే సరా, కొనగలగాలి. కంపెనీ పేరుతో వచ్చే గ్లీవెక్ ఆ రోజుల్లో నెలకు దాదాపు లక్షా ఇరవై వేలు ఉండేది. మా ఇద్దరి జీతాలూ కలిపినా అందులో సగానికి వచ్చేవి కావు. అదే మందును హైదరాబాదు కంపెనీ నాట్కో, వీనాట్ పేరుతో తయారు చేసేది. అది నెలకు ఎనిమిది, పది వేలు ఉండేది. అదీ చిన్న మొత్తం కాదు మాకు, అయినా కొనగలిగాం. అప్పట్లో సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. విదేశీ కంపెనీకి పేటెంటు వస్తే చవక మందు ఆగిపోతుందని ఆస్పత్రి వరండాలో రోగులందరం అదే మాట్లాడుకునేవాళ్ళం. 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. పేటెంటు ఇవ్వడం కుదరదన్నారు. మా ఆయన స్కూలుకు ఫోన్ చేసి చెప్పాడు. స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. నాతోటి టీచర్లు ఎవరో పోయారనుకున్నారు.

మాత్ర రోజుకొకటి, 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్న వెంటనే పెద్ద గ్లాసు నీళ్ళతో. అన్నం తక్కువ తింటే కడుపులో తిప్పి అంతా బయటికొచ్చేది. పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచులు వేలాడేవి. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి కేక పెట్టి లేచేదాన్ని, మా ఆయన నిద్రలోనే కాలి బొటనవేలు పట్టి వెనక్కి వంచేవాడు. ఒంటిరంగు తేలిపోయింది, ఈ మందు చాలామందికి అలాగే చేస్తుంది. పెళ్ళిళ్ళలో బంధువులు "ఏం రాస్తున్నావే, తెల్లగా అయ్యావు" అని అడిగేవారు.

ఒక సంగతి రాయడం కష్టంగా ఉంది. మాకు రెండో బిడ్డ కావాలని ఉండేది. ఈ మందు వాడుతూ గర్భం రాకూడదు, కడుపులో బిడ్డకు అవయవలోపాలు వచ్చే ప్రమాదం ఉంది. మందు మానితే జబ్బు తిరగబడుతుంది. డాక్టరమ్మ అడిగి, ఆలోచించుకోమని సమయం ఇచ్చింది. మా ఆయన ఇంటికొచ్చాక ఒకటే అన్నాడు: "ఉన్న పిల్లకు తల్లి కావాలి." ఆ మాట అక్కడితో ఆపేశాం. ఇప్పటికీ పసిపిల్లలను ఎత్తుకుంటే చేతులు వదలవు.

మాతోపాటు చూపించుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, వినుకొండ వైపు రైతు. మూడు నెలలకే కౌంటు మామూలుకొచ్చింది, ప్లీహం తగ్గింది, పొలం పనులు మొదలుపెట్టాడు. "జబ్బు పోయిందిగా, ఇంకా డబ్బు ఎందుకు పోయడం" అని మాత్రలు ఆపి ఆకు పసరు తాగడం మొదలుపెట్టాడు. కౌంటు మామూలుగా ఉండటం వేరు, ఆ అతుకు జన్యువు మాయమవడం వేరు అని ఆయనకు అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు లేరు. మళ్ళీ వచ్చేటప్పటికి జబ్బు చివరి దశకు, బ్లాస్ట్ క్రైసిస్ అంటారు, మారిపోయింది. అప్పుడు ఆ మందు పట్టలేదు. ఆయన భార్య కార్డులూ ఫైళ్ళూ పట్టుకుని బెంచీ మీద కూర్చున్న తీరు నాకు కళ్ళ ముందే ఉంది.

మాకు అసలు పరీక్ష పీసీఆర్. లక్ష కణాల్లో ఒకదానిలో ఆ అతుకు మిగిలినా పట్టేస్తుంది. మూడు నెలలకు 10 శాతం లోపు, ఆర్నెల్లకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. రాకపోతే మందు వినడం లేదేమోనని, డసాటినిబ్, నిలోటినిబ్ లాంటి రెండో తరం మందులు చూస్తారు. నాకు మూడో నెలకు 10 లోపే వచ్చింది. ఏడాదికి 0.1 రాలేదు, కాస్త ఎక్కువ ఉంది. తర్వాతి పరీక్ష దాకా ఆ మూడు నెలలూ ఎలా గడిపానో చెప్పలేను. తర్వాతి రిపోర్టులో దిగింది. ఆ తర్వాత ఇంకా దిగి, కొన్నేళ్ళుగా అసలు కనిపించడం లేదు. ఇలా చాలాకాలం కనిపించకుండా ఉన్నవాళ్ళలో కొందరికి డాక్టర్లు తమ పర్యవేక్షణలో మందు ఆపి చూస్తున్నారు. దాదాపు సగం మందికి తిరిగి వస్తుంది, మందు మళ్ళీ మొదలుపెడితే లొంగుతుంది. నన్నూ అడిగారు. ఇంకా ఆపలేదు, వేసుకుంటూనే ఉన్నాను.

మా చెల్లెలికి ఆ తర్వాత రెండేళ్ళకు పెళ్ళయింది. వాళ్ళకూ మా నాన్న ముందే చెప్పాడు. అబ్బాయి తన స్నేహితుడైన డాక్టరును అడిగి కనుక్కుని, "ఇందులో మాకేం అభ్యంతరం లేదండీ" అన్నాడు. ఇద్దరు పిల్లలు. నా కూతురు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది, దానికి సంబంధాలు చూస్తున్నాం. అడిగినవాళ్ళకు నా జబ్బు పేరు దాచకుండా చెబుతున్నాను, రిపోర్టు చూపిస్తున్నాను.

నాతోటి జీవశాస్త్రం టీచర్లకు ఒక మనవి. అనువంశికత పాఠం చెప్పిన రోజు ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. క్రోమోజోములు తల్లిదండ్రుల నుంచి వస్తాయని చెప్పాక, పుట్టిన తర్వాత ఒంట్లో ఎక్కడో ఒక్క కణంలో అవి తెగి అతుక్కోవచ్చనీ, అలా వచ్చిన జబ్బు పిల్లలకు పోదనీ కూడా చెప్పండి. బోర్డు మీద తొమ్మిదీ ఇరవై రెండూ గీసి చూపించండి. ఆ పిల్లలు ఇంటికెళ్ళి పెద్దవాళ్ళకు చెబుతారు.